పొట్టి స్క్రూ

సగానికి దించిన షాపు షట్టరు కింద నుంచి ముందు ఒక గొడుగు లోపలికి వచ్చింది. దాని వెనక ఒక బట్టతల, ఆ తల కింద తెల్లటి గుబురు మీసం. వచ్చినాయన నడుం పట్టుకుని నిదానంగా లేచి నిలబడి, బల్ల ముందు కూర్చున్న మనిషిని చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"ఇదేంటమ్మా! నువ్విక్కడే ఉన్నావా?"

అక్క చేతిలోని స్క్రూడ్రైవర్‌ను పాత గుడ్డలో చుడుతోంది. ఆ వీధిలో ఆవిడ అందరికీ అక్కే. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా 'కెమెరా అక్క' అనే అంటారు.

"ఎక్కడికి పోతాను గార్డుగారూ?"

"చూపు పోయిందన్నాడే మీ తమ్ముడు! గోడ పట్టుకుని నడుస్తోందన్నాడు. నేను ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు."

రైలు గార్డుగా రిటైరైన ఆయన గొంతు ఇంజను కూతను మింగేస్తుంది. మామూలుగా అయితే అక్క చెవులు మూసుకుని నవ్వేది. ఇప్పుడు ఆవిడ చేతిలో గుడ్డ చుట్టడం ఆగిపోయింది.

"చూపు తగ్గిందండీ. పోలేదు."

"గోడ పట్టుకుని నడవటం?"

"అదేం లేదు."

"మరి వాడికేం రోగం అలా చెప్పటానికి? నాకొక్కడికే కాదు, స్టేషను ఎదురు స్టూడియో అతనికీ అదే మాట, డ్రాయింగు మాస్టారికీ అదే మాట. 'అక్కకి కనబడదు, రిపేర్లు ఆపేశాం, వేరే చోట చూసుకోండి' అని గుమ్మంలోంచే తిప్పి పంపాడట."

ఎవరూ రావటం లేదనే తమ్ముడు చెప్పాడు. ఫిల్ము కెమెరాల కాలం అయిపోయిందక్కా, ఇక మూసేద్దాం అన్నాడు. అక్క సరేనంది. శుక్రవారం షాపు గది ఓనరమ్మ వస్తుంది, అక్క నోటితో ఒక్క మాట వింటుంది, గది ఫోన్ల కంపెనీకి వెళ్ళిపోతుంది. తమ్ముడు ఇప్పుడు ఆ కంపెనీ మేనేజరును కలవడానికే వెళ్ళాడు. అందుకే అక్క సామాను సర్దుకుంటోంది.

గార్డుగారు భుజానికున్న సంచిలోంచి కెమెరా తీసి బల్ల మీద పెట్టాడు. నల్లతోలు అరిగిన పాత కెమెరా. దాన్ని చూడగానే అక్క చేతులు బల్ల మీద నుంచి తీసేసింది.

"నువ్వు బాగుచేసి ఇచ్చిందే. తీసుకెళ్ళాక రెండు రోజులు లెన్స్ మార్చే పని పడలేదు. తర్వాత తీయబోతే బిగుసుకుపోయి ఉంది. ఊడదీయాలంటే కుస్తీ పట్టాలి. ఆదివారం పాత ప్యాసింజరు బండి చివరిసారి నడుస్తోందమ్మా. వంతెన మీద దాన్ని దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి తియ్యాలి. లెన్స్ మార్చలేకపోతే ఎలా?"

"నా చేతిలో పెట్టకండి గార్డుగారూ. ఈ మధ్య నేను ముట్టుకున్నవన్నీ తిరిగొస్తున్నాయి."

"నీ చేతిలో పెట్టకపోతే ఎవరి చేతిలో పెట్టను, చేపలమ్మేవాడి చేతిలోనా? శుక్రవారం వస్తా." ఆయన మళ్ళీ నడుం పట్టుకుని వంగాడు. "ఆ షట్టరు పైకెత్తరాదూ? నీ రిపేరు కంటే నా నడుం రిపేరు ఎక్కువయ్యేట్టుంది."

"ఒక్క మాట. దీన్ని ఇంకెక్కడైనా విప్పించారా?"

"మా ఆవిణ్ణే ముట్టుకోనివ్వను దీన్ని!"

*

ఆయన వెళ్ళాక అక్క చాలాసేపు కెమెరాను ముట్టుకోలేదు. తర్వాత చుట్టిన గుడ్డ మళ్ళీ విప్పింది.

లెన్స్‌ను ఎడమ చేత్తో పట్టుకుని, పక్కనున్న మీటను బొటనవేలితో నొక్కి తిప్పింది. మీట సగం దూరం వెళ్ళి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. అక్కడే ఆగింది. పాత గ్రీజు గడ్డకట్టిన మీట అయితే ఇలా ఆగదు. మెత్తగా, బద్ధకంగా ఆగుతుంది. ఇది ఠక్కున ఆగుతోంది. లోపల ఇనుము ఇనుముకు తగులుతోంది.

సొరుగు తాళం తీసింది. తాళంచెవి ఎప్పుడూ ఆవిడ మెడలోని దారానికే వేలాడుతుంది. గోరంత వెడల్పున్న పల్చటి ఉక్కు రేకు తీసి, లెన్స్‌కూ అది కూర్చునే రింగుకూ మధ్యనున్న సందులోకి జొనిపింది. లోపల లాకు పిన్ను ఎక్కడుందో రేకు కొసతో తడిమింది. దొరికింది. దాన్ని అదిమిపట్టి లెన్స్‌ను తిప్పింది. బయటికి వచ్చేసింది.

రింగును పట్టి ఉంచేవి ఐదు స్క్రూలు. నాలుగు పొడుగువి, ఒకటి పొట్టిది. లాకు పక్కనున్న రంధ్రంలో పొట్టిదే పడాలి. అక్కడ పొడుగుది బిగిస్తే దాని మొన వెళ్ళి లాకు మీటకు అడ్డం పడుతుంది. ఈ బల్ల ముందు కూర్చున్నవాళ్ళకు నాన్న చెప్పే మొదటి పాఠం అదే. అక్క నేర్చుకుంది. తమ్ముడూ నేర్చుకున్నాడు. రెండో పాఠం మొదలయ్యేలోపే వాడు లేచివెళ్ళి కౌంటరులో కూర్చున్నాడు.

ఈ మధ్య తిరిగొచ్చిన కెమెరాలన్నిటిలోనూ ఇదే తప్పు. కానీ వాటిలో ఒక్కటీ అక్క చేతికి మూసి రాలేదు. "నీకెందుకక్కా శ్రమ, నేనే విప్పి చూశా" అంటూ తమ్ముడు రింగు ఊడదీసి, స్క్రూలు పళ్ళెంలో పోసి తెచ్చేవాడు. "ఇదిగో, పొట్టిదాని చోట పొడుగుది పెట్టావు. పర్లేదులే, వయసు." మొదటిసారి అక్క నవ్వేసింది. రెండోసారి ఏడ్చింది. ఆ తర్వాత స్క్రూడ్రైవర్ పట్టుకోవాలంటేనే గుండె దడ మొదలైంది. కంటి డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, వయసుకు మందేముందని వాడే మందుల షాపు నుంచి చల్లటి చుక్కల సీసా తెచ్చాడు. రోజూ షాపు మూసేముందు తనే స్వయంగా కళ్ళలో వేస్తాడు.

ఇది మాత్రం మూసి వచ్చింది. ఎవరూ విప్పకుండా, నేరుగా ఆవిడ చేతికి.

భూతద్దాన్ని కంటికి బిగించుకుని అక్క రింగు మీదకు వంగింది.

పని పూర్తయ్యాక ప్రతి స్క్రూ అంచున ఎర్రటి నెయిల్ పాలిష్ చుక్క పెట్టడం ఈ బల్ల అలవాటు. స్క్రూ వదులవకుండా ఉంటుంది. ఎవరైనా కదిపితే చుక్క చిట్లి చెబుతుంది. ఐదు స్క్రూల మీదా ఐదు ఎర్ర చుక్కలు ఉన్నాయి. ఒక్కటీ చిట్లలేదు.

అయితే తప్పు నాదేనన్నమాట. అక్కకు కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకునే ముందు అలవాటు కొద్దీ ఇంకోసారి చూసింది.

మూడు చుక్కలు ఎండిన ఎరుపు. మిగతా రెండింట్లో ఏదో మెరిసింది.

అద్దాన్ని గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. దీపాన్ని దగ్గరికి లాక్కుంది. కన్ను మార్చి చూసింది. మెరుపే. ఎరుపు లోపల పిండి కంటే సన్నగా వెండి రజను. మామూలుగా చూస్తే అన్నీ ఒకే రంగు. అద్దం పెడితేనే తేడా తెలుస్తోంది. మెరుస్తున్నవి రెండే రెండు: లాకు పక్కనున్న స్క్రూ, దానికి ఎదురుగా ఉన్న స్క్రూ. పొట్టిదీ పొడుగుదీ చోటు మార్చాలంటే కదపాల్సింది సరిగ్గా ఆ రెండింటినే.

అక్క సీసాలో మెరుపు లేదు. ఆ సీసా తాళం వేసిన సొరుగులో ఉంటుంది. బాగుచేసిన కెమెరాలు మాత్రం, వాటి మనుషులు వచ్చేదాకా, కౌంటరు పక్క గాజు బీరువాలో ఉంటాయి.

చూపు మందగించిందనుకుని పని మానేస్తున్న మనిషికి రజను రేణువులు విడివిడిగా కనబడుతున్నాయి. ఆ సంగతి అక్కకు కాస్త ఆలస్యంగా తట్టింది.

సాయంత్రం తమ్ముడు ఈల వేసుకుంటూ వచ్చాడు. అప్పటికి కెమెరా సొరుగులోకి వెళ్ళిపోయింది.

"అయిపోయినట్టేనక్కా! గోడలకి ఏ రంగు వెయ్యాలో కూడా అనుకున్నాం. నువ్విక కాలు మీద కాలేసుకుని కూర్చోవటమే."

"ఈ నెలలో రిపేర్లకి ఎవరైనా వచ్చారా?"

"ఎవరొస్తారు? ఈగలు కూడా ఫోన్లోనే ఫోటోలు తీసుకుంటున్నాయి." తన జోకుకు తనే నవ్వుకుని సీసా అందుకున్నాడు. "తల ఎత్తు."

అక్క తల ఎత్తింది. వాడి వేళ్ళు ఆవిడ కనురెప్పను ఎంతో నెమ్మదిగా విడదీశాయి. చిన్నప్పుడు వాడి కంట్లో నలుసు పడితే ఆవిడ కూడా అంత నెమ్మదిగానే తీసేది. చుక్క పడింది. ఆ మసకలోంచి వాడి ముఖం నీళ్ళలో ఉన్నట్టు కనబడింది.

గార్డుగారే ఎక్కడో విప్పించి మర్చిపోయారేమో. అక్క రాత్రంతా ఆ మాటనే పట్టుకుని వేలాడింది.

*

గురువారం పొద్దున తమ్ముడు రాకముందే గాజు బీరువా తెరిచింది. అందులో రెండు కెమెరాలు మిగిలాయి. లెన్సులు ఊడదీసి చూస్తే, మొదటిదాని రింగు మీద చుక్కలన్నీ ఆవిడవే. రెండోదాన్ని దీపం కిందకు తెచ్చి అద్దం పెట్టింది. మూడు ఎండిన ఎరుపులు, రెండు మెరుపులు. అదే రెండు చోట్లు. గార్డుగారు పాపం ఈ కెమెరాను కంటితో కూడా చూసి ఉండడు.

మధ్యాహ్నం మరదలు భోజనం క్యారియర్ తెచ్చింది. ఆ పిల్ల వస్తే షాపులో రేడియో పెట్టినట్టే. వీధి మొదట్లో కుక్క నుంచి వీధి చివర కొత్త కాపురం దాకా అన్ని వార్తలూ చెబుతూ, గిన్నెలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. అక్క వార్తలు వినటం లేదు. గిన్నె మూత మీదున్న వేళ్ళను చూస్తోంది. ఎర్రటి గోళ్ళు. కిటికీ వెలుతురు పడినప్పుడల్లా తళుక్కుమంటున్నాయి.

"గోళ్ళు మెరుస్తున్నాయేంటమ్మాయ్?"

మరదలు సిగ్గుపడి వేళ్ళు ముడుచుకుంది. తర్వాత గొంతు తగ్గించింది. "అదే వదినా మీకు చెప్పాలనుకుంటున్నా. ఈ సీసా ఎన్నాళ్ళుగానో కనబడలేదు. మీ తమ్ముణ్ణి అడిగితే 'నేనేమైనా గోళ్ళకి వేసుకుంటానా' అని ఇంతెత్తు ఎగిరారు. మొన్న ప్యాంటు ఉతుకుతుంటే ఆయన జేబులోనే దొరికింది! ఎందుకంటే మాట్లాడరు. నాకు నిద్ర పట్టటం లేదు వదినా. ఎవర్తికైనా పూస్తున్నారేమో..."

చివరి మాట అనేసరికి ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ భయం పెట్టుకోకు," అంది అక్క.

"మీకెలా తెలుసు?"

"తెలుసు. నాకే పూశాడు."

మరదలు అక్క చేతుల వంక చూసింది. కురచగా కత్తిరించి, నూనె మరకలు పట్టిన బోసి గోళ్ళు. ఏమీ అర్థంకాక ఇంకోసారి చూసింది. అక్క అన్నం గిన్నె దగ్గరికి లాక్కుని, కలిపి, ముద్ద నోటిదాకా తెచ్చి మళ్ళీ గిన్నెలోనే పెట్టేసింది.

సాయంత్రం తమ్ముడు వచ్చేసరికి గార్డుగారి కెమెరా బల్ల మీద ఉంది. లెన్స్ పక్కన పెట్టి ఉంది. వాడి ఈల సగంలో తెగిపోయింది.

"ఇదెలా వచ్చింది?"

"గార్డుగారు ఇచ్చి వెళ్ళాడు. మళ్ళీ బిగుసుకుపోయిందట." అక్క తల ఎత్తలేదు. "నేనే ఏదో చేసి ఉంటాను కదరా?"

వీధిలో ఒక సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళింది. అక్క ఎదురుచూసింది. ఈ క్షణంలో వాడు ఏ ముక్క చెప్పినా చాలు. నత్తిగా చెప్పినా, అబద్ధం కలిపి చెప్పినా, సగమే చెప్పినా, మిగతా సగం తనే పూరించుకుని వాడిని ఒడ్డున పడేసేది. వాడికి చిన్నప్పటి నుంచీ అలాగే చేసింది. కావాలనే టైము ఇచ్చింది. గుడ్డ తీసి, శుభ్రంగా ఉన్న పళ్ళాన్ని మళ్ళీ తుడిచింది.

"నువ్వేనక్కా," అన్నాడు తమ్ముడు. "ఇంకెవరుంటారు? అది కూడా నీ తప్పేం కాదులే. కనబడనప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? వదిలెయ్, గార్డుగారికి నేను సర్దిచెబుతా."

"రేపు వాళ్ళు ఎన్నింటికొస్తారు?"

"పొద్దున్నే. నువ్వు ఒక్కమాట సరేనంటే చాలు." సీసా మూత తిప్పాడు. "తల ఎత్తు."

ఎత్తింది. వాడు ఒక కంట్లో వేసి, తర్వాత రెండో కంట్లో వేశాడు. బుగ్గ మీదకు జారినదాన్ని తన చేతిరుమాలుతో అద్దాడు.

"చల్లగా ఉందా?"

"ఉందిరా," అంది అక్క. "చాలా చల్లగా ఉంది."

*

శుక్రవారం పొద్దున్నే షాపు నిండిపోయింది. ఓనరమ్మ ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటోంది. ఫోన్ల కంపెనీ మేనేజరు మెడలో టేపు వేసుకుని గోడలు కొలుస్తున్నాడు. ఏ మూల ఏం వస్తుందో తమ్ముడు వెనకాలే తిరిగి చూపిస్తున్నాడు. బల్ల దగ్గరికి వచ్చేసరికి మేనేజరు ఆగాడు. "ఇది ఎప్పుడు తీసేస్తారు?"

"సాయంత్రానికల్లా," అన్నాడు తమ్ముడు.

అక్క ఆ బల్ల ముందే ఉంది. గార్డుగారి కెమెరా రింగుకు స్క్రూలు పెడుతోంది. సన్న పట్టకారుతో పొట్టిదాన్ని పట్టుకుని లాకు పక్క రంధ్రంలో నిలబెట్టింది. ముందు వెనక్కి అరచుట్టు తిప్పి, మర దొరికిందని వేలికి తెలిశాక ముందుకు తిప్పింది. తర్వాత దాని ఎదురుగా ఉన్నది. అన్నీ సగం సగం బిగించి, మళ్ళీ చుట్టూ వస్తూ పూర్తిగా బిగించింది.

"చెప్పమ్మాయ్," అంది ఓనరమ్మ. "నాకు ఇంటి దగ్గర బోలెడు పనుంది."

"అక్క ఎప్పుడో సరేనందండీ," తమ్ముడు అందుకున్నాడు.

"నీ నోటితో కాదయ్యా, దాని నోటితో చెప్పాలి. ఈ బల్ల ముందు కూర్చున్నవాళ్ళు తమంతట తాము లేస్తే తప్ప గది వేరేవాళ్ళకి ఇవ్వనని మీ నాన్నకి మాటిచ్చా. కౌంటరుకి నేను ఏ మాటా ఇవ్వలేదు."

తమ్ముడు నవ్వాడు. నవ్వుతూనే అక్క వైపు చూసి, చెప్పమన్నట్టు తల ఊపాడు.

అక్క ఆఖరి స్క్రూ మీద ఎర్ర చుక్క పెట్టి, కుంచె సీసాలో పెట్టి, మూత బిగించింది.

"కుదరదండీ," అంది.

మేనేజరు టేపు సర్రుమని చుట్టుకుపోయింది.

"అక్కా!" తమ్ముడు గొంతు పెంచకుండానే అరిచాడు. "కళ్ళు కనబడక నువ్వు..."

అప్పుడే షట్టరు కింద నుంచి గొడుగు లోపలికి వచ్చింది. గార్డుగారు మూలుగుతూ లేచి నిలబడి, ఎవర్నీ పట్టించుకోకుండా కెమెరా అందుకున్నాడు. చుక్కలు ఆరేదాకా ఆగమని అక్క ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన ఆగలేక ఆగాడు. తర్వాత లెన్స్ పెట్టి తిప్పాడు. టక్. మీట నొక్కాడు, వచ్చేసింది. మళ్ళీ పెట్టాడు. టక్. మీసం కింద నుంచి పళ్ళన్నీ కనబడ్డాయి.

"కళ్ళు పోయినావిడ చేసిన పనా ఇది?" అన్నాడు ఓనరమ్మతో. "అయితే నా కళ్ళు కూడా పోగొట్టుకుంటా!"

ఓనరమ్మ తమ్ముడి ముఖం వంక చూసింది. చాలాసేపే చూసింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, "మేనేజరుగారూ, పదండి," అంది.

ఇద్దరే మిగిలాక తమ్ముడు కౌంటరు మీద చరిచాడు. "అక్కడ నాకు మేనేజరు పక్క కుర్చీ ఇస్తామన్నారు! ఇక్కడ ఎన్నాళ్ళు కూర్చోను? నువ్వు లోపల తల వంచుకుని పని చేసుకుంటావు, నీకేం? వచ్చినవాడల్లా 'అక్క ఉందా' అనేవాడే. నేను ఉన్నానా అని ఒక్కడైనా అడిగాడా?"

అక్క గాజు బీరువాలోని రెండో కెమెరా తెచ్చి, లెన్స్ ఊడదీసి, దీపం కింద పెట్టింది. భూతద్దం వాడి చేతిలో పెట్టింది.

"చూడు."

"ఏం చూడాలి?"

"చూడరా."

వాడికి దాన్ని కంటికి బిగించుకోవడం చేతకాలేదు. రెండుసార్లు జారిపోయింది. చివరికి వేళ్ళతో పట్టుకుని వంగాడు. అలాగే వంగి ఉండిపోయాడు. చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత పాలిపోయాయి. లేచినప్పుడు అద్దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అరచేతిలోనే పట్టుకున్నాడు.

"అది మెరుస్తుందని నాకు తెలీదు," అన్నాడు.

ఇన్నిటిలోనూ వాడికి చెప్పాలనిపించింది అదొక్కటే. అక్క వాడి చేతిలోంచి అద్దం తీసుకుంది.

"నన్ను అడగొచ్చుగా?"

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్నిరా. కళ్ళు బాగుండగానే ఒప్పుకునేదాన్ని. నీకు కుర్చీ కావాలంటే బల్ల ఇచ్చేదాన్ని."

తమ్ముడు గోడ గడియారం వంక చూశాడు, నేల వంక చూశాడు. కొంచెంసేపటికి, చిన్నప్పుడు బలపం విరగ్గొట్టి వచ్చిన గొంతుతో అన్నాడు. "అయితే ఇప్పుడు అడుగుతున్నా అక్కా."

"ఇప్పుడు నాకు పనుంది."

వాడు నిలబడే ఉన్నాడు. చెయ్యి దానంతటదే అలమర మీదున్న కంటి చుక్కల సీసా దగ్గరికి వెళ్ళి, దాన్ని తీసుకుని, ఏం చెయ్యాలో తెలియక ప్యాంటు జేబులో వేసుకుంది.

"వెళ్ళేటప్పుడు ఆ షట్టరు పూర్తిగా ఎత్తి వెళ్ళు," అంది అక్క. "వచ్చేవాళ్ళకి నడుం పట్టేస్తోంది. రాత్రికి నీ పెళ్ళానికి నిజం చెప్పు. ఇంకెవరో ఉన్నారనుకుని ఏడుస్తోంది."

షట్టరు గరగరమంటూ పైకి లేచింది. వీధిలోని వెలుతురు ఒక్కసారిగా బల్ల దాకా వచ్చింది. అక్క అద్దం కంటికి బిగించుకుని, సూది తీసుకుని, రెండో కెమెరా మీది మెరుపు చుక్కలను గీకటం మొదలుపెట్టింది. ఎర్రటి పెచ్చులు తెల్లగుడ్డ మీద రాలాయి. ఊదితే ఎగిరిపోయాయి. రజను మాత్రం ఎగరలేదు. వేలి కొసకు అంటుకుంది.

గుడ్డకేసి తుడిచింది. స్పిరిటు అద్ది తుడిచింది. పోలేదు.